రాడార్లు తీసేసి అంతా శాటిలైట్ మీదే నడిపితే ఏమవుతుంది? ఏటీసీ (విమానాల రాకపోకలు నడిపే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

మిద్దె_యాంటెనా, అనంతపురం

అందరికీ నమస్కారం. నేను ఈసీఈ చివరి సంవత్సరం చదువుతున్నాను, ఏఏఐ (ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ) జూనియర్ ఎగ్జిక్యూటివ్ ఏటీసీ పరీక్షకి కూడా ప్రిపేర్ అవుతున్నాను. కాలేజీ ప్రాజెక్టు కోసం ముగ్గురం కలిసి మా మిద్దె మీద విమానాల సిగ్నల్ పట్టే రిసీవర్ పెట్టాం. పెద్ద ఖర్చేం కాలేదు. ఒక యూఎస్‌బీ డాంగిల్, మా అన్న వాడి పక్కన పడేసిన లాప్‌టాప్, దాదాపు ఏడు సెంటీమీటర్లు కొలిచి కత్తిరించిన రాగి తీగ. దాన్ని నీళ్ళ ట్యాంకు పక్కనున్న ఇనుప పైపుకి టేపు చుట్టి కట్టాం. హైదరాబాద్ బెంగళూరు మధ్య తిరిగే విమానాలు మన మీదుగానే పోతాయి కదా, సాయంత్రమయ్యేసరికి స్క్రీన్ మీద వరసలు వరసలుగా వచ్చేస్తాయి, ఫ్లైట్ నంబరు, ఎత్తు, వేగం, అక్షాంశం, రేఖాంశం అన్నీ. మొదటి రోజు రాత్రి పదకొండు దాకా కిందికి దిగలేదు.

నాలుగు రోజులు పోయాక గమనించిందేమిటంటే, ఇందులో ఎక్కడా తాళం లేదు. పాస్‌వర్డ్ లేదు, ఇది నిజంగా ఆ విమానం పంపిందేనని తేల్చే గుర్తు ఏదీ లేదు. అది గాల్లోకి వదులుతుంది, మేం పట్టుకుంటున్నాం, అంతే.

మొన్న మా నాయన రాప్తాడు దగ్గర చేను నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఏం చేస్తున్నావురా అని పైకొచ్చాడు. చెనక్కాయకి మందు కొట్టి వచ్చాడు, చొక్కా ఇంకా వాసన కొడుతోంది. స్క్రీన్ వైపు కాసేపు చూసి, "ఆ విమానం అక్కడుందని నీకెవరు చెప్పారు?" అన్నాడు. విమానమే చెబుతోంది నాయనా అన్నాను. "దానికెవరు చెప్పారు?" అన్నాడు. శాటిలైట్ అన్నాను. "శాటిలైట్ మాట తప్పయితే?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

కోచింగ్‌లో సార్ ఏమో రాడార్ల కాలం అయిపోయింది, ఇక అంతా శాటిలైటే, పరీక్షకి అది చదివితే చాలు అంటున్నారు. అయితే ఢిల్లీలో జీపీఎస్ స్పూఫింగ్ (దొంగ సిగ్నల్‌తో మోసం చేయడం) జరిగిందని మొన్నామధ్య పార్లమెంటులో మంత్రి గారే చెప్పారు కదా. మరి నిజంగా రాడార్ లేకుండా నడపొచ్చా? సిగ్నల్ పోతే కంట్రోలర్ ఏం చేస్తాడు? పరీక్ష కోసమే కాదు, రేపు నేను ఆ కుర్చీలో కూర్చోవాలనుకుంటున్నాను కాబట్టి అడుగుతున్నాను.

పాత_రాడార్, కర్నూలు

బాబూ, మీ నాయన మూడు ముక్కల్లో సిలబస్ అంతా అడిగేశారు. నేను 31 ఏళ్ళు విమానాశ్రయాల్లో రాడార్లు, రేడియో పరికరాలు చూసుకునే విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఆయన ప్రశ్నకి జవాబు చెప్పడానికే మాకు జీతమిచ్చారు అనుకో.

ముందు ఎవరు ఎవరిని నమ్ముతున్నారో చూడు. ప్రైమరీ రాడార్ విమానాన్ని ఏమీ అడగదు. పల్స్ కొడుతుంది, లోహానికి తగిలి తిరిగొచ్చిన దాన్ని పట్టుకుంటుంది. దానికి పేరు తెలియదు, నంబరు తెలియదు, అక్కడేదో ఉందని మాత్రం తెలుస్తుంది. సెకండరీ రాడార్ 1030 మెగాహెర్ట్జ్ మీద అడుగుతుంది, విమానంలోని ట్రాన్స్‌పాండర్ 1090 మీద జవాబిస్తుంది. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకో. జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో దాన్ని బట్టి దూరం, ఆ క్షణంలో యాంటెనా ఎటు తిరిగి ఉందో దాన్ని బట్టి దిక్కు, ఈ రెండూ రాడార్ సొంతంగా కొలుచుకుంటుంది. ఎత్తు ఒక్కటి విమానం చెప్పింది నమ్ముతుంది, అది కూడా గాలి ఒత్తిడి నుంచి వచ్చిన లెక్కే గానీ జీపీఎస్‌ది కాదు. మీ మిద్దె మీద పడుతున్న సిగ్నల్‌ని ఏడీఎస్-బీ అంటారు, దాంట్లో అయితే కింద కొలిచేవాడే లేడు. విమానం జీపీఎస్‌ని అడిగి నేనిక్కడున్నానంటుంది, మనం రాసుకుంటాం.

అసలు భయం ఇక్కడే. పైలట్ దారి తప్పితే చూసి సరిచేయాల్సినవాడు కంట్రోలర్. పైలట్‌ని మోసం చేసిన సిగ్నలే కంట్రోలర్ స్క్రీన్‌ని కూడా మోసం చేస్తే, ఇద్దరూ ఒకే తప్పుని చూస్తూ అంతా సరిగ్గా ఉందనుకుంటారు. మన పల్లెల్లో గట్టు తగాదా వచ్చి సాక్షిని పిలిచారనుకో, ఆ సాక్షి "గట్టు ఇక్కడేనని ఆయనే నాకు చెప్పాడు" అంటే పెద్దమనుషులు ఆ సాక్ష్యం తీసుకుంటారా? రాడార్ అంటే ఆ చేనితో సంబంధం లేని సాక్షి. 2014 మార్చిలో మలేసియా విమానం ఎంహెచ్370 ట్రాన్స్‌పాండర్ ఆగిపోయినప్పుడు పౌర కంట్రోలర్ల తెర మీద అది మాయమైపోయింది. వెనక్కి తిరిగి ద్వీపకల్పం దాటి అండమాన్ సముద్రం వైపు వెళ్ళిందని ఆ తర్వాత తెలిసింది మలేసియా సైన్యం ప్రైమరీ రాడార్ రికార్డు వల్లే. విమానం నోరు మూసుకున్నా చూడగలిగింది అదొక్కటే.

ఇక సిగ్నల్ సంగతి. జీపీఎస్ శాటిలైట్లు 20,200 కిలోమీటర్ల పైన తిరుగుతాయి. అంత దూరం నుంచి ఒక బల్బుకి పట్టేంత పవర్‌తో పంపిన సిగ్నల్ కిందికొచ్చేసరికి రిసీవర్‌లో ఉండే మామూలు గరగర కంటే కూడా బలహీనంగా ఉంటుంది, కోడ్ తెలుసు కాబట్టే దాన్ని అందులోంచి ఏరుకోగలుగుతున్నాం. అదే ఫ్రీక్వెన్సీలో దగ్గర్లో ఎవడైనా అగ్గిపెట్టెంత డబ్బాతో గోల చేస్తే చాలు, అసలుది వినపడదు. దాన్ని జామింగ్ అంటారు. అది జరిగితే కనీసం సిగ్నల్ లేదని పరికరం చెబుతుంది. స్పూఫింగ్ ఇంకా ప్రమాదం, అసలు సిగ్నల్‌లాంటిదే తయారుచేసి కొంచెం గట్టిగా పంపుతారు, రిసీవర్ సంతోషంగా దాన్నే పట్టుకుంటుంది, లేని చోట ఉన్నట్టు చూపిస్తుంది, ఏ లైటూ వెలగదు.

కంట్రోలర్ ఏం చేస్తాడని అడిగావు. రాడార్ ఉంటే పైలట్ "జీపీఎస్ లాస్ట్, రిక్వెస్ట్ రాడార్ వెక్టర్స్" అంటాడు, కంట్రోలర్ ఫలానా హెడింగ్‌కి (దిక్కుకి) తిరుగు, ఫలానా ఎత్తుకి దిగు అని నోటితో నడిపిస్తాడు. ఒక్క విమానమైతే ఇబ్బంది లేదు. పది విమానాలు ఒకేసారి అడిగితే ఫ్రీక్వెన్సీ మీద ఊపిరి తీసుకునే సందు ఉండదు. రాడార్ కూడా లేకపోతే పాత పద్ధతి, అంటే పైలట్లు చెప్పిన టైములు కాగితం స్ట్రిప్ మీద రాసుకుని నడపడం. రాడార్ కింద ఎన్‌రూట్‌లో, అంటే ఊళ్ళ మధ్య దారిలో, 5 నాటికల్ మైళ్ళ ఎడంతో నడిపేవాళ్ళం, అక్కడ ఒకే ఎత్తులో ఒకదాని వెనక ఒకటి పోయే వాటికి 10 నిమిషాల ఎడం పెట్టాల్సి వస్తుంది. జెట్ విమానం 10 నిమిషాల్లో 70, 80 మైళ్ళు పోతుంది. ఆకాశంలో ఎన్ని విమానాలు పడతాయో నువ్వే లెక్కేసుకో. అలా ఉన్నట్టుండి మారాల్సి వచ్చిన ఆ మొదటి పది నిమిషాలే కంట్రోలర్‌కి నరకం.

ఢిల్లీ విషయం కూడా సరిగ్గా చదువు. రన్‌వే 10 వైపు శాటిలైట్ ఆధారిత పద్ధతిలో దిగుతున్న కొన్ని విమానాలు స్పూఫింగ్ జరిగిందని చెప్పాయి. మామూలు నేల పరికరాలున్న మిగతా రన్‌వేల మీద రాకపోకలకు దెబ్బ తగల్లేదు. 2025 డిసెంబరులో రామ్మోహన్ నాయుడు గారు రాజ్యసభకి చెప్పిన జవాబులో ఈ రెండు ముక్కలూ ఉన్నాయి, పేపర్లు మొదటిది పెద్దగా వేశాయి. నాకైతే రెండోదే ముఖ్యం.

లారీ_మనిషి, తాడిపత్రి

అగ్గిపెట్టెంత డబ్బా అని పెద్దాయన రాసింది చదివి నాకు గుండె ఝల్లుమంది, అందుకే రాస్తున్నాను. మాకు నాపరాళ్ళ లోడు కొట్టే లారీలు మూడున్నాయి. అన్నిటికీ ట్రాకర్ పెట్టించాం. రెండేళ్ళ కింద ఒక బండి ఎప్పుడు చూసినా హైవే మీద రెండు మూడు గంటలు కనపడకుండా పోయేది, మళ్ళీ ఎక్కడో తేలేది. ట్రాకర్ చెడిపోయిందనుకుని మార్పించాం, ఫలితం లేదు. ఒకరోజు నేనే క్యాబిన్‌లో కూర్చుని పోయాను. డోన్ దాటాక నా ఫోన్‌లో మ్యాప్ కూడా ఆగిపోయింది, నీలం చుక్క కదలడం లేదు. చూస్తే సిగరెట్ లైటర్ సాకెట్‌లో వేలెడంత నల్ల ముక్క, దానికి చిన్న యాంటెనా, పచ్చ లైటు. ఛార్జర్ అనుకున్నాను. పీకేస్తే నిమిషంలో నా చుక్క కదిలింది. డ్రైవర్‌ని అడిగితే ఆన్‌లైన్‌లో తెప్పించానన్నా, దారిలో కొంచెంసేపు పడుకుంటే కూడా ఫోన్ చేసి తిడుతున్నారు, అందుకే పెట్టుకున్నాను అన్నాడు. వాడి బాధ వాడిది, ఆ తర్వాత పడుకునే టైము గురించి మేమూ మాట్లాడుకుని ఒక లెక్కకొచ్చాం. అయితే ఆ బండి ఓర్వకల్లు విమానాశ్రయం ముందు నుంచి ఎన్నిసార్లు పోయిందో! అది విమానానికి కూడా తగులుతుందా?

పాత_రాడార్, కర్నూలు

తగలొచ్చు. ఇది ఊహ కూడా కాదు, అమెరికాలో న్యూయార్క్ పక్కన నెవార్క్ విమానాశ్రయంలో అచ్చంగా ఇదే జరిగింది. 2009, 2010 ప్రాంతంలో అక్కడ శాటిలైట్ సాయంతో విమానాలను దింపే నేల పరికరం పెట్టి పరీక్షిస్తుంటే ఉండుండి సిగ్నల్ పోయేది. కారణం పక్కనే టర్న్‌పైక్ రోడ్డు మీద పోయే బండ్లలో ఉన్న ఇలాంటి ముక్కలే. 2012లో ఒక డ్రైవర్‌ని పట్టుకున్నారు, యజమానికి తాను ఎక్కడున్నదీ తెలియకూడదని పికప్ ట్రక్కులో పెట్టుకున్నాడు. మరుసటి ఏడు 31,875 డాలర్ల జరిమానా వేశారు. వాడికి విమానాల మీద ఏ పగా లేదు, ఆ సంగతే వాడికి తెలియదు.

మన దేశంలో కూడా ప్రభుత్వ అనుమతి లేకుండా జామర్ కొనడం, అమ్మడం, వాడడం చట్టవిరుద్ధం. టెలికాం శాఖ 2022 జనవరిలో ఇందులో జీపీఎస్ బ్లాకర్ల పేరు కూడా చేర్చి మరీ చెప్పింది. మీ తోటి ఓనర్లకి, డ్రైవర్లకి ఈ విషయం మీ నోటితో చెప్పండి. సర్క్యులర్ చదివేవాళ్ళకంటే టీకొట్టు దగ్గర మీ మాట వినేవాళ్ళు ఎక్కువ.

ప్రొద్దుటూరు_ఎఫ్‌ఓ

తమ్ముడూ, నేను ఎయిర్‌బస్ 320 మీద ఫస్ట్ ఆఫీసర్‌ని, అంటే కో-పైలట్‌ని. కంపెనీ పేరు అడగొద్దు. ఢిల్లీ నుంచి అమృత్‌సర్, జమ్మూ సెక్టార్లు చాలా చేశాను కాబట్టి లోపల నుంచి ఎలా ఉంటుందో చెబుతాను. ఆ సరిహద్దు ప్రాంతంలో 2023 నవంబరు నుంచి 2025 ఫిబ్రవరి దాకా 465 జీపీఎస్ అంతరాయం ఘటనలు రిపోర్ట్ అయ్యాయని ప్రభుత్వమే లోక్‌సభలో చెప్పింది, అందువల్ల మాకు ఇది వింత కాదు. బయల్దేరే ముందే బ్రీఫింగ్‌లో మాట్లాడుకుంటాం.

మామూలుగా ఒక "జీపీఎస్ ప్రైమరీ లాస్ట్" మెసేజ్ వస్తుంది. అది వస్తే మంచిదే, తెలిసిపోయింది కాబట్టి. విమానంలో ఇనర్షియల్ ఉంటుంది, గైరోలు, యాక్సిలరోమీటర్లతో సొంతంగా లెక్కేసుకుంటుంది, ఆ లెక్క గంటకి మైలో రెండు మైళ్ళో తప్పుతుంది, దాన్ని నేల మీద దూరం చెప్పే డీఎంఈ, దిక్కు చెప్పే వీఓఆర్ రేడియో స్టేషన్లతో సరిచేసుకుంటూ పోవచ్చు. భయపడాల్సింది రెండో రకం, స్పూఫింగ్. ఒకసారి నాకు ముందు గడియారంలో తేడా కనపడింది. నా చేతి వాచీకి, ప్యానెల్ మీది టైముకి పొంతన లేదు. కెప్టెన్‌కి చూపించాను. ఆయన వెంటనే మ్యాప్ నమ్మకు, హెడింగ్ చూడు, నేరుగా వీఓఆర్ సూచన పెట్టు అన్నారు. కాసేపటికి ఇరవై వేల అడుగుల పైన, వెన్నెల్లో కింద పొలాలు కనపడుతుంటే కొండ దగ్గరపడితే హెచ్చరించే పరికరం "టెర్రైన్, టెర్రైన్, పుల్ అప్" (నేల దగ్గరుంది, పైకి లేపు) అని అరిచింది. పరికరం తాను వేరే చోట, ఏదో కొండ మీద ఉన్నాననుకుంటోంది. కింద చదును నేల.

ఆ అరుపుకి ఏం చేయాలో మాకు సిమ్యులేటర్‌లో ఎముకల్లోకి ఎక్కేలా నేర్పిస్తారు. వినగానే ఆలోచించకుండా ముక్కు పైకెత్తాలి, ఫుల్ పవర్ పెట్టాలి. కొండని గుద్దకుండా వేల ప్రాణాలు కాపాడిన పరికరం అది. ఇప్పుడు అదే పరికరం కొన్ని ప్రాంతాల్లో అబద్ధం చెబుతుంటే, ఎత్తు మీద ఉన్నాం, ఏం లేదులే అని దాన్ని పట్టించుకోకపోవడం అలవాటవుతోంది. ఆ అలవాటుతోనే ఒక మబ్బుపట్టిన రాత్రి నిజంగా కొండ ఉన్నప్పుడు ఒక్క మూడు సెకన్లు ఆలస్యం చేస్తామేమోనని నాకు దిగులు. ఇంకొకటి, స్పూఫింగ్ ప్రాంతం దాటి వచ్చేసినా కొన్ని రిసీవర్లు వెంటనే తేరుకోవు, నేల మీద దిగి రీసెట్ చేసేదాకా అలాగే ఉంటాయి. అంటే ఎక్కడో జరిగిన గొడవని మేం ఇంకో ఊరికి మోసుకొస్తాం. అప్పుడు మీ మిద్దె మీద యాంటెనాకి కూడా మా తప్పు స్థానమే వస్తుంది.

ఆ రాత్రి కంట్రోలర్ రాడార్ మీద మమ్మల్ని చూస్తూ "యు ఆర్ ఆన్ ట్రాక్" అన్న ఒక్క మాటతో క్యాబిన్‌లో గాలి తేలికపడింది. నువ్వు ఆ కుర్చీలో కూర్చోవాలనుకుంటున్నావు కదా, అందుకే చెబుతున్నాను.

నల్లమల_కర్నూలు

అందరూ భయపెట్టేవే చెబుతున్నారు, నేను ఇంకో వైపు చెప్పాలి. 2021 మార్చి 28న ఓర్వకల్లు నుంచి మొదటి విమానాలు ఎగిరిన రోజు మా పిల్లలని తీసుకెళ్ళి రోడ్డు పక్కన నిలబడి చూసినవాణ్ణి. మనలాంటి ఊళ్ళకి ఢిల్లీకి పెట్టినన్ని పరికరాలు ఎవరు పెడతారు? ఐఎల్‌ఎస్ (మబ్బుల్లో రన్‌వేకి దారి చూపే నేల పరికరం) అంటే కోట్ల ఖర్చు, స్థలం, దాన్ని చూసుకునే మనుషులు, ఏటేటా క్యాలిబ్రేషన్ విమానం వచ్చి పరీక్షించాలి. శాటిలైట్ అయితే రన్‌వే దగ్గర ఏమీ పాతక్కర్లేదు. ఇస్రో, ఏఏఐ కలిసి చేసిన గగన్ (జీపీఎస్ లెక్కని శాటిలైట్ ద్వారా సరిచేసే వ్యవస్థ) ఉంది కదా, 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం దాంతోనే దిగింది. అది కూడా చిన్న ఊరే. వాన మబ్బుల్లో విమానం వెనక్కి పోకుండా దిగాలంటే మనకి దిక్కు అదే.

ఇంకో మాట. 2009 సెప్టెంబరు 2న రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ మన నల్లమలలోనే కూలింది. జాడ తెలియడానికి మర్నాడు పొద్దున దాకా పట్టింది. ఆ రాత్రంతా ఈ జిల్లాలో ఎవరూ నిద్రపోలేదు, మా ఇంట్లో రేడియో, టీవీ రెండూ నడుస్తూనే ఉన్నాయి. రాడార్‌కి కొండల వెనక తక్కువ ఎత్తులో ఉన్నది కనపడదు. శాటిలైట్ ద్వారా తన స్థానం తాను చెప్పుకునే పద్ధతి అయితే చివరి చుక్క ఎక్కడుందో తెలిసేది. అలాంటప్పుడు దీన్ని వద్దంటే ఎలా?

పాత_రాడార్, కర్నూలు

వద్దని నేనెక్కడా అనలేదు. మీరన్న ఆ రాత్రి నేనూ డ్యూటీలో ఉన్నాను, వేరే ఊళ్ళో, ఆ సంగతి మాట్లాడాలంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ఆ ప్రమాదానికి కారణాలు వేరు గానీ, కొండల్లో వెతకడం గురించి మీరన్నది నూటికి నూరు పాళ్ళు నిజం. సముద్రం మీద కూడా అంతే, అక్కడ రాడార్ పెట్టే చోటే లేదు, 2019 నుంచి ఇరిడియం శాటిలైట్లే విమానాల ఏడీఎస్-బీని పైనుంచి వింటున్నాయి.

రాడార్ ఎందుకు తీసేయాలనుకుంటారో కూడా నాకు బాగా తెలుసు. నాలుగు సెకన్లకొక చుట్టు, రాత్రీ పగలూ, వానా ఎండా, ఏళ్ళ తరబడి తిరిగే యాంటెనా అది. గేర్‌బాక్స్ ఆయిల్ నేను ఎన్నిసార్లు మార్చానో, బేరింగ్ శబ్దం కొంచెం మారితే కింద గదిలో కూర్చుని కూడా తెలిసిపోయేది. విదేశం నుంచి ఒక్క విడిభాగం రావడానికి నెలలు పట్టేది. దాంతో పోలిస్తే ఏడీఎస్-బీ స్టేషన్ అంటే ఒక కర్రకి కట్టిన యాంటెనా, ఒక డబ్బా. అకౌంట్స్ వాళ్ళకి ఏది నచ్చుతుందో చెప్పక్కర్లేదు.

నేను పట్టుబట్టేది ఒక్కదానికే, కొత్తది పెట్టుకోండి, పాతదాంట్లో కొంత ఉంచండి. ఎస్టోనియాలో టార్టు అని చిన్న ఊరు, అక్కడ దిగడానికి శాటిలైట్ పద్ధతి ఒక్కటే ఉండేది. 2024 ఏప్రిల్‌లో వరసగా రెండు రాత్రులు ఫిన్‌ఎయిర్ విమానాలు జీపీఎస్ జామింగ్ వల్ల దిగలేక హెల్సింకీకి తిరిగిపోయాయి. నెల రోజుల పైన ఆ ఊరికి విమానం లేదు. నేల మీది డీఎంఈతో ఇంకో పద్ధతి తయారుచేశాకే మళ్ళీ వచ్చింది. రేపు మన ఓర్వకల్లుకో కడపకో అలాంటి రోజు రాకూడదు. అమెరికా వాళ్ళు కూడా వీఓఆర్‌లు తగ్గిస్తున్నారు గానీ మొత్తం పీకేయడం లేదు, 900కి దగ్గరగా ఉన్నవాటిలో దాదాపు 590 ఉంచుతున్నారు, ఎక్కడ జీపీఎస్ పోయినా 100 నాటికల్ మైళ్ళ లోపు దిగడానికి ఒక చోటు దొరికేలా లెక్కేసి మరీ. మన దగ్గర కూడా నేల పరికరాలతో ఒక కనీస నెట్‌వర్క్ ఉంచుతున్నామని అదే రాజ్యసభ జవాబులో ఉంది. ఏ విమానాశ్రయంలో ఏ పరికరాలున్నాయో ఏఏఐ వెబ్‌సైట్‌లో ఈ-ఏఐపీ అని అందరికీ కనపడేలా పెడతారు. మన జిల్లాల వాళ్ళు అది తెరిచి చూసి, ఎంపీలని అడిగేటప్పుడు కొత్త ఫ్లైటుతో పాటు ఇది కూడా అడగాలని నా కోరిక.

కడప_ఫిజిక్స్

చిన్న మాట కలుపుతాను, డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. జామర్ పెట్టేవాడు లేకపోయినా మన దేశానికి ఒక సొంత ఇబ్బంది ఉంది, అయనోమండలం, అంటే వాతావరణం పైభాగంలో విద్యుదావేశ కణాలుండే పొర. అయస్కాంత మధ్యరేఖ మన దక్షిణాది కొస మీదుగా పోతుంది. సూర్యుడు అస్తమించాక రెండు మూడు గంటలు ఆ పొరలో బుడగల్లాంటివి లేస్తాయి, వాటి గుండా వచ్చిన సిగ్నల్ నక్షత్రం మినుకుమన్నట్టు మినుకుమంటుంది, కొన్నిసార్లు రిసీవర్ చేజార్చుకుంటుంది. సూర్యుడి మీద మచ్చలు ఎక్కువున్న ఏళ్ళలో ఇంకా ఎక్కువ. అమెరికా వాళ్ళ లెక్క మన ఆకాశానికి సరిపోదు, అందుకే గగన్ కోసం ఇస్రో వాళ్ళు మన అయనోమండలానికి వేరే నమూనా తయారుచేసుకోవాల్సి వచ్చింది. మీ లాప్‌టాప్‌లో సాయంత్రం ఏడు నుంచి పది దాకా వచ్చే డేటాని, మధ్యాహ్నం డేటాని విడివిడిగా పెట్టి చూడండి, మార్చి, సెప్టెంబరు నెలల్లో అయితే మరీ మంచిది.

మిద్దె_యాంటెనా, అనంతపురం

సార్, అక్కా, అన్నా, అందరికీ చాలా థాంక్స్. రాత్రి మొత్తం థ్రెడ్ నాయనకి చదివి వినిపించాను. సాక్షి దగ్గరికొచ్చేసరికి ఆపమని మళ్ళీ చదివించుకున్నాడు. మా చేను గట్టు కేసు పదేళ్ళు నడిచింది, అందుకే.

ప్రాజెక్టు మార్చాలనుకుంటున్నాం. ఏడీఎస్-బీ మెసేజ్‌లో విమానం తన స్థానం ఎంత నమ్మదగిందో చెప్పే ఎన్‌ఐసీ అనే అంకె ఉంటుంది కదా, ఇన్నాళ్ళూ దాన్ని పారేస్తున్నాం. ఇప్పుడు అదే రాసుకుని, ఏ విమానం ఏ టైములో సున్నాకి పడిపోయిందో నెల రోజులు చూద్దామని. ఇంకా వీలైతే కళ్యాణదుర్గం, గుత్తి, ధర్మవరంలో ఫ్రెండ్స్ ఇళ్ళ మీద కూడా ఇలాంటివే పెట్టి, ఒకే సిగ్నల్ నాలుగు చోట్లకి ఎంత తేడాతో చేరిందో కొలిచి విమానం స్థానం మేమే లెక్కేయాలని ఉంది. ఎంలాట్ అంటారు కదా సార్. అప్పుడు విమానం మాట నమ్మక్కర్లేదు, మేం కూడా వేరే సాక్షి అయిపోతాం కదా?

పాత_రాడార్, కర్నూలు

చాలా మంచి ఆలోచన, చెయ్యండి. ఎన్‌ఐసీ విషయంలో ఒక జాగ్రత్త. జామింగ్ అయితే ఆ అంకె పడిపోతుంది, స్పూఫింగ్‌లో మాత్రం రిసీవర్ తాను బాగానే ఉన్నానని నమ్ముతుంది కాబట్టి అంకె బాగానే ఉండొచ్చు. అందుకని స్థానం ఒక్కసారిగా దూకిందా, చెప్పిన వేగానికి కదిలిన దూరానికి పొంతన ఉందా అనేది కూడా చూడండి.

ఎంలాట్‌కి నాలుగు చోట్ల గడియారాలు ఒకటే చెప్పాలి. ఒక్క మైక్రోసెకను తేడా వస్తే 300 మీటర్లు పోయినట్టే. విమానాశ్రయాల్లో పెట్టే ఎంలాట్ స్టేషన్లలో కూడా చాలావాటికి ఆ టైము ఇచ్చేది జీపీఎస్సే. రాడార్ రికార్డర్లకి, టెలికాం లింకులకి కూడా చాలా చోట్ల అదే. 2016 జనవరి 26న ఒక పాత జీపీఎస్ శాటిలైట్‌ని తీసేసేటప్పుడు తప్పు డేటా ఎక్కి, కొన్ని శాటిలైట్లు చెప్పే టైము 13 మైక్రోసెకన్లు జరిగింది. స్థానం లెక్కలు చెడలేదు గానీ, ఆ టైము మీద నడిచే టెలికాం పరికరాలు ఎన్నో దేశాల్లో అలారంలు కొట్టాయి. అంటే జీపీఎస్‌కి బదులని పెట్టుకున్నది కూడా లోపల జీపీఎస్ మీదే నిలబడి ఉండొచ్చు, వైరు పట్టుకుని చివరిదాకా పోతే గానీ తెలియదు.

కాబట్టి ధర్మవరం పోయి యాంటెనా కట్టే ముందు, ఆ లాప్‌టాప్‌లు నాలుగూ టైము ఎక్కడి నుంచి తీసుకుంటున్నాయో కాగితం మీద రాసి ఇక్కడ పెట్టు, చూసి చెబుతాను.